పలమనేరు ద్రాక్షతో ఆర్గానిక్ స్పార్క్లింగ్ వైన్: బుడగల కన్నా ముందు పులుపు చూడండి

ప్రశ్న క్లుప్తంగా: "పలమనేరు దగ్గర మాకు రెండెకరాల ద్రాక్ష తోట ఉంది. మూడేళ్ళుగా ప్రకృతి వ్యవసాయమే, జీవామృతం వాడుతున్నాం. ఫ్రాన్సులో చిన్న కుటుంబాలు తమ తోట ద్రాక్షతోనే ఆర్గానిక్, బయోడైనమిక్ స్పార్క్లింగ్ వైన్ చేసి సొంత పేరుతో అమ్ముకుంటాయని చదివాను. ఆ రెండింటికీ తేడా ఏమిటి? వాళ్ళు ఎలా చేస్తారు? మన చిత్తూరు వైపు అలాంటిది అవుతుందా?"

అవుతుంది. కానీ కష్టం మీరు అనుకుంటున్న చోట లేదు. ఎరువుల విషయంలో మీరు ఇప్పటికే చాలా దూరం వచ్చారు. సీసాలో బుడగలు తెప్పించడం కూడా లెక్క తెలిస్తే పట్టుబడే పనే. మన దగ్గర అడ్డం వచ్చేది పండులోని పులుపు. స్పార్క్లింగ్ వైన్‌కు కావలసింది తియ్యగా మాగిన పండు కాదు, శుభ్రంగా, పుల్లగా, తెగులు లేకుండా ఉన్న పండు. తోటలో, సెల్లార్లో (వైన్ తయారుచేసి నిల్వ ఉంచే చోట) చేసే ప్రతి పనీ ఆ పులుపును కాపాడడానికే.

అసలు విషయంలోకి వెళ్ళేముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా వైన్ తయారుచేయడం నేరం. ఇంట్లో తాగడానికి ఒక్క క్యాన్ చేసుకున్నా అంతే. కాబట్టి కింద చెప్పే సెల్లార్ పనులన్నీ లైసెన్సున్న వైనరీలో జరగాల్సినవి. మీరు నేర్చుకోవలసింది ఎందుకంటే, రేపు ఒక వైనరీకి పండు ఇచ్చేటప్పుడు ఏం అడగాలో, ఏం ఒప్పుకోకూడదో తెలియాలి.

ఆర్గానిక్ అంటే చట్టపరమైన నిర్వచనం ఉన్న మాట. యూరప్‌లో 2012 కోత నుంచి "ఆర్గానిక్ వైన్" అని సీసా మీద రాసుకునే వీలు వచ్చింది; అంతకుముందు "ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్" అని మాత్రమే రాసేవారు. తేడా ఏమిటంటే ఇప్పుడు తోటకే కాదు, సెల్లార్‌కూ నియమాలున్నాయి. సోర్బిక్ ఆమ్లం (పాడవకుండా వేసేది), పీవీపీపీ (వైన్‌ను తేర్చే సింథటిక్ పొడి) లాంటివి వాడకూడదు. మంచి రకం స్పార్క్లింగ్ వైన్‌లో మొత్తం సల్ఫైట్ (వైన్ పాడవకుండా వేసే గంధకపు మందు) మామూలుగా లీటరుకు 185 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, ఆర్గానిక్‌లో 155 దాటకూడదు. రసాయన ఎరువులు, కలుపు మందులు, సింథటిక్ తెగులు మందులు తోటలో లేకుండా మూడేళ్ళు గడవాలి. మన ఎన్‌పీఓపీలో (కేంద్ర ప్రభుత్వ ఆర్గానిక్ ధృవీకరణ పథకం) కూడా బహువార్షిక పంటలకు మార్పిడి కాలం మూడేళ్ళే. ఇక్కడొకటి గమనించండి: మీరు మూడేళ్ళుగా పాటిస్తున్నా, రికార్డు లేకపోతే ధృవీకరణ సంస్థ ఆ మూడేళ్ళను లెక్కలోకి తీసుకోవడం కష్టం. ఏ రోజు ఏం చల్లారో రాసే పుస్తకం ఈ రోజే మొదలుపెట్టండి.

బయోడైనమిక్ అంటే ఆర్గానిక్ మీద ఇంకొక అంతస్తు. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన వ్యవసాయ ఉపన్యాసాల నుంచి పుట్టింది. డిమీటర్ ముద్ర (బయోడైనమిక్ ధృవీకరణ గుర్తు) కావాలంటే ముందు ఆర్గానిక్ ధృవీకరణ ఉండాలి, ఆ పైన బయోడైనమిక్ తయారీలు వాడాలి. స్పార్క్లింగ్ వైన్‌కు పేరుపడ్డ ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో, కూర్తెరోన్ గ్రామంలోని ఫ్లరీ కుటుంబం 1989లో ఈ దారి పట్టింది, అక్కడ వాళ్ళే మొదటివారు. వెర్తూలోని లార్మాందియే-బెర్నియే కుటుంబం కూడా బయోడైనమిక్‌గా సాగు చేస్తుంది. అయితే బయోడైనమిక్ అన్నంత మాత్రాన చిన్న రైతు అనుకోకండి, లూయీ రోడరర్ లాంటి పెద్ద సంస్థ కూడా తన తోటల్లో చాలా భాగం అలాగే సాగు చేస్తోంది. తోట ఎవరిదో, సీసా ఎవరిదో తెలియాలంటే లేబుల్ అడుగున చిన్న అక్షరాలు చూడాలి. "ఆర్‌ఎం" అని ఉంటే తన పండుతో తనే చేసిన రైతు. "ఎన్‌ఎం" అంటే పండు కొని చేసే సంస్థ. "సీఎం" సహకార సంఘం. "ఆర్‌సీ" అంటే రైతు తన పండును సంఘానికి ఇచ్చి, అక్కడ తయారైన వైన్‌ను తన పేరుతో అమ్ముకోవడం. మీకు పనికొచ్చే నమూనా చివరిదే. దాని గురించి కింద చెబుతాను.

బయోడైనమిక్‌లో ముఖ్యమైనవి రెండు. 500 నంబరు, అంటే కొమ్ము ఎరువు: ఈనిన ఆవు కొమ్ములో పాడి ఆవు పేడ నింపి, మన దేశంలో సెప్టెంబరు, అక్టోబరులో పాతిపెట్టి ఫిబ్రవరి, మార్చిలో తీస్తారు. ఎకరాకు 25–30 గ్రాములు, సుమారు 13 లీటర్ల నీటిలో, గంటసేపు సుడి పడేలా ఒకవైపు, తర్వాత రెండోవైపు తిప్పి సాయంత్రం నేల మీద పెద్ద చుక్కలుగా చల్లాలి. 501 నంబరు, కొమ్ము సిలికా: పలుగురాయిని మెత్తగా నూరి కొమ్ములో పెట్టి చేసేది. ఎకరాకు ఒక గ్రాము చాలు, సూర్యోదయం వేళ ఆకుల మీద సన్నటి మంచులా. పుంగనూరు ఆవు కొమ్ములు వాడదామనుకుంటే అవి చిన్నవి, తక్కువ పేడే పడుతుంది కాబట్టి ఎక్కువ కొమ్ములు కావాలి. సహజంగా చనిపోయిన ఆవు కొమ్ములనే సేకరించండి. అవి లోపల బోలుగా ఉండాలి, పైన రంగు పూత ఉంటే గీకేయాలి.

చంద్రుడి లెక్క దగ్గర మనవాళ్ళు చాలామంది పొరపడతారు. బయోడైనమిక్ పంచాంగంలో "దిగే చంద్రుడు" అంటే కృష్ణపక్షం కాదు. పక్షాల చక్రం 29.5 రోజులు. ఎక్కే, దిగే చంద్రుడి చక్రం 27.3 రోజులు, అంటే మన నక్షత్రాల చక్రమే. సుమారుగా చంద్రుడు ఆర్ద్ర దాటి మూల వైపు వెళ్ళే రోజులు దిగేవి, మూల నుంచి తిరిగి ఆర్ద్రకు వచ్చేవి ఎక్కేవి. కొమ్ము ఎరువు చల్లడానికి దిగే రోజులు ఎంచుకుంటారు. ఇంట్లో గోడకున్న క్యాలెండర్‌లో నక్షత్రం చూసుకుంటే సరిపోతుంది, విదేశీ క్యాలెండర్ కొనక్కర్లేదు.

ఈ తయారీల ప్రభావం గురించి నా అభిప్రాయం: కేవలం 500, 501 వల్లే తేడా వచ్చిందని, మంచి ఆర్గానిక్ సాగు వల్ల కాదని గట్టిగా విడదీసి చెప్పే ఆధారం బలహీనం. కానీ గంటసేపు నీళ్ళు తిప్పి, ప్రతి వరుసలో నడిచి చల్లే రైతు తెగులును మిగతావాళ్ళకన్నా ముందే చూస్తాడు. ఆ చూపు విలువైనది. మీకు జీవామృతం అలవాటుంది: 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 5–10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. దాన్ని వదిలేయాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: ఆవు మూత్రంలో, పేడలో పొటాషియం ఎక్కువ. వేరు ఎక్కువ పొటాషియం తాగితే రసంలో టార్టారిక్ ఆమ్లం దానితో కలిసి స్ఫటికాలుగా దిగిపోతుంది, పీహెచ్ పైకి పోతుంది, అంటే పులుపు తగ్గుతుంది. డాగ్‌రిడ్జ్ వేరుమూలం మీద అంటుకట్టిన తోటల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే కాయ రంగు తిరిగే సమయం నుంచి జీవామృతం ఆపండి. ఆకుల మీద, గుత్తుల మీద పిచికారీ అసలు వద్దు. బెల్లం తీపికి ఈగలు, చీమలు చేరి కాయ పగిలితే వెనిగర్ వాసన తోటలోనే మొదలవుతుంది.

ఇక తెగుళ్ళు. మనకూ నాసిక్‌కూ పెద్ద తేడా ఇక్కడే. అక్కడ అక్టోబరులో పండు కోసం కొమ్మ కత్తిరిస్తే ఆ తర్వాత ఆకాశం పొడిగా ఉంటుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు మునిగిన వానలు గుర్తుండే ఉంటాయి. అక్టోబరు మొదట్లో కత్తిరిస్తే పూత సరిగ్గా నవంబరు వానలో పడుతుంది. బూజు తెగులుకు అంతకన్నా మంచి కాలం లేదు, ఒక్క వారంలో పూగుత్తి మొత్తం గోధుమ రంగుకు తిరిగి రాలిపోతుంది.

ఆర్గానిక్‌లో బూజు తెగులుకు నిజంగా పనిచేసేది బోర్డో మిశ్రమమే, అంటే రాగి. పుల్లమజ్జిగ బూడిద తెగులు మీద కొంత పనిచేస్తుంది, బూజు తెగులు మీద దాన్ని నమ్ముకోవద్దు. కానీ రాగి నేలలో పేరుకుపోతుంది, అందుకే యూరప్ ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలకే పరిమితి పెట్టింది. మన లెక్కలో సగటున ఎకరాకు ఏడాదికి 1.6 కిలోల రాగి. మైలుతుత్తంలో రాగి నాలుగో వంతు. ఒక శాతం మిశ్రమం, అంటే 100 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున ఎకరాకు 400 లీటర్లు కొడితే ఒక్క పిచికారీకే కిలో రాగి అయిపోయింది. రెండో పిచికారీకి పరిమితి దాటారు. అదే అర శాతం, 300 లీటర్లతో కొడితే పిచికారీకి 375 గ్రాములు, నాలుగు పిచికారీలు వస్తాయి. కాబట్టి సన్నటి నాజిల్, పల్చటి మిశ్రమం, వాన రాకముందే కొట్టడం. వాన వెలిశాక కొట్టిన రాగి మచ్చను మాన్పదు, ఇంకా తెగులు సోకని ఆకును మాత్రమే కాపాడుతుంది. కొమ్మ 10 సెంటీమీటర్లు పెరిగేసరికి మొదటిది పడాలి. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపండి, సున్నం నీటిలోకి మైలుతుత్తం నీటిని పోయాలి. ఇనుప కత్తి ముంచితే ఎర్రగా పూత పట్టిందంటే సున్నం చాలలేదని, అలాగే కొడితే ఆకు మాడుతుంది.

గంధకం బూడిద తెగులుకు. ఎండ 33–35 డిగ్రీలు దాటే రోజు కొడితే ఆకు కాలుతుంది. కోతకు కనీసం ఐదు వారాల ముందు ఆపేయండి. కాయ మీద మిగిలిన గంధకాన్ని ఈస్ట్ కుళ్ళిన గుడ్డు వాసనగా మారుస్తుంది. స్పార్క్లింగ్‌లో ఆ వాసన బుడగతోపాటు నేరుగా ముక్కుకు వస్తుంది, దాచలేరు.

మన ద్రాక్ష రైతులకు అలవాటైన రెండు మందులు ఇక్కడ పనికిరావు. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చడానికి పూసే హైడ్రోజన్ సైనమైడ్ ఆర్గానిక్‌లో నిషేధం. కాయ సైజు కోసం ముంచే జిబ్బరెల్లిక్ ఆమ్లం కూడా వద్దు, వైన్‌కు పెద్ద కాయ అక్కర్లేదు కూడా. సైనమైడ్ లేకుండా మొగ్గలు సమంగా రావాలంటే కత్తిరింపుకు రెండు వారాల ముందు నీరు తగ్గించి ఆకు రాల్చండి, కత్తిరించాక కొమ్మలను అడ్డంగా వంచి కట్టండి. అయినా కొంచెం హెచ్చుతగ్గులు తప్పవు. కోతను రెండు విడతలుగా చేసుకోవాలి.

కత్తిరింపు ఎప్పుడు అన్నది మీ తోటలో అతి ముఖ్యమైన నిర్ణయం. అక్టోబరు మొదట కత్తిరిస్తే జనవరి చివర, ఫిబ్రవరి మొదట చల్లటి రాత్రుల్లో కాయ మాగుతుంది, పులుపు నిలుస్తుంది, కానీ పూత వానలో పడుతుంది. నవంబరు మూడో వారంలో కత్తిరిస్తే పూత పొడి జనవరిలో వస్తుంది, రాగి తక్కువ పడుతుంది, కానీ కోత మార్చికి జారి, వేడి రాత్రుల్లో మాలిక్ ఆమ్లం (టార్టారిక్‌తోపాటు పండుకు పులుపునిచ్చేది) గబగబా కరిగిపోతుంది. స్పార్క్లింగ్‌కు మామూలు వైన్ కన్నా రెండు మూడు వారాలు ముందే కోస్తాం కాబట్టి రెండోది పూర్తిగా చెడ్డ బేరం కాదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె పీఠభూమి ఎత్తు వల్ల రాత్రులు తిరుపతికన్నా బాగా చల్లగా ఉంటాయి, అదే మీకున్న బలం. శ్రీకాళహస్తి వైపు కింద మైదానంలో అయితే ఈ ప్రయత్నమే వద్దంటాను. మొదటి ఏడు ఒక ఎకరా ఒక తేదీకి, రెండో ఎకరా రెండో తేదీకి కత్తిరించి, రసం అంకెలు పోల్చి చూడండి.

ఆ అంకెలు మూడు. బ్రిక్స్ (రసంలో తీపి కొలత) 17.5 నుంచి 19. పీహెచ్ 3.0 నుంచి 3.2. మొత్తం ఆమ్లం టార్టారిక్‌గా లీటరుకు 8 నుంచి 10 గ్రాములు. రిఫ్రాక్టోమీటర్ ఒక్కటే పట్టుకుని కోత నిర్ణయించకండి, అది తీపి మాత్రమే చెబుతుంది. ఆమ్లం ఇంట్లోనే కొలవొచ్చు: తోటంతా తిరిగి, ఎండ వైపు, నీడ వైపు, గుత్తి పైన, కింద కలిపి తెల్లవారుజామున 100 కాయలు తెంపి పిండండి. వడకట్టిన 10 మిల్లీలీటర్ల రసంలో కొంచెం డిస్టిల్డ్ వాటర్, మూడు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలుగా వదలండి. లేత గులాబీ రంగు నిలిచిన చోట ఆపి, పట్టిన మిల్లీలీటర్లను 0.75తో గుణించండి. 12 మిల్లీలీటర్లు పడితే 9 గ్రాములు. కాయ రంగు తిరిగినప్పటి నుంచి నాలుగు రోజులకోసారి, చివరి పది రోజులు రోజు విడిచి రోజు చేయండి. తీపి 17 దాటాక పీహెచ్ 3.25కి వస్తే ఆగకండి, కోసేయండి. తీపి కొంచెం తగ్గినా ఫర్వాలేదు. పోయిన పులుపు తిరిగి రాదు.

పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆర్గానిక్ సల్ఫైట్ పరిమితి అంతా దాని మీదే నిలబడి ఉంది. పీహెచ్ 3.0 దగ్గర లీటరుకు 13 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫైట్ (వైన్‌లో దేనితోనూ కలవకుండా మిగిలినది) చేసే రక్షణే, పీహెచ్ 3.5 దగ్గర చేయాలంటే సుమారు 40 మిల్లీగ్రాములు కావాలి. మూడు రెట్లు. పుల్లటి పండు తెచ్చిన రైతుకే సల్ఫైట్ తక్కువ వేసే స్వేచ్ఛ ఉంటుంది. పులుపు లేని రసంతో "సల్ఫైట్ లేని వైన్" చేస్తామంటే నెలల తర్వాత ఎలుక బోను వాసన వస్తుంది, దానికి మందు లేదు.

కోత రాత్రి రెండు గంటలకు మొదలై ఎండ రాకముందే అయిపోవాలి. కత్తెరతో గుత్తి మొత్తం కోసి 20 కిలోల క్రేట్లలో, ఒకదాని మీద ఒకటి నలగకుండా. కాయ విడదీయకుండా గుత్తి గుత్తిగానే ప్రెస్‌లో వేస్తారు, కాడలు రసానికి దారి ఇస్తాయి. షాంపేన్‌లో 4,000 కిలోల పండుకు మొదటి 2,050 లీటర్లే మేలైన రసం, తర్వాతి 500 లీటర్లు రెండో రకం, ఆ తర్వాత వచ్చేది ఆ పేరుతో వైన్‌కు పనికిరాదు. గట్టిగా పిండేకొద్దీ పులుపు తగ్గి, పొటాషియం, తొక్కలోని వగరు పెరుగుతాయి. ఈ లెక్కన ఒక సీసాకు సుమారు 1.2 కిలోల పండు. మీ రెండెకరాలకు 8 టన్నులు వస్తే 6,800 సీసాలు. ఎకరాకు నాలుగు టన్నులకన్నా ఎక్కువ కోసం ఆశపడొద్దు, గుత్తులు ఎక్కువైతే పందిరి కింద గాలి ఆడదు.

రసాన్ని 10–12 డిగ్రీలకు చల్లబరిచి ఒక రాత్రి తేర్చి, తేటను 15–18 డిగ్రీల దగ్గర పులియబెడితే 10–11 శాతం ఆల్కహాల్‌తో పొడిగా, చాలా పుల్లగా ఉండే మూల వైన్ వస్తుంది. అది రుచిగా ఉండదు, ఉండక్కర్లేదు. ఇక్కడ తేల్చుకోవలసింది మాలిక్ ఆమ్లం సంగతి. బ్యాక్టీరియా దాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. చల్లటి షాంపేన్‌లో చాలామంది దాన్ని జరగనిస్తారు, వాళ్ళకు పులుపు మిగులు. మనకు మిగులు లేదు, కాబట్టి ఆపాలనిపిస్తుంది. కానీ తక్కువ సల్ఫైట్‌తో, వడపోయకుండా మాలిక్‌ను వదిలేసి సీసాలో నింపితే ఆ మార్పు సీసాలోనే జరుగుతుంది: వైన్ మబ్బు పడుతుంది, మడ్డి (అడుగున చేరే చచ్చిన ఈస్ట్) గాజుకు అంటుకుని ఎంత తిప్పినా దిగదు. అందుకే రెండే దారులు. నింపేముందే మాలిక్ పూర్తిగా అయిపోయిందని ల్యాబ్‌లో తేల్చుకోవాలి, లేదా 0.45 మైక్రాన్ వడపోతతో బ్యాక్టీరియాను తీసేయాలి. మధ్యస్థంగా వదిలేస్తే ఖాయంగా నష్టం. అలాగే మూల వైన్‌ను మైనస్ 4 డిగ్రీల దగ్గర వారం ఉంచి టార్టార్ స్ఫటికాలను ముందే దించేయాలి. అవి సీసాలో మిగిలితే మూత తీయగానే సగం వైన్ నురుగై నేలపాలు.

ఇప్పుడు బుడగలు. పొడిగా ఉన్న మూల వైన్‌కు చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో నింపి లోహపు మూత వేస్తారు. లీటరుకు 4 గ్రాముల చక్కెర సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. 24 గ్రాములు వేస్తే 6 బార్, అంటే 87 పీఎస్‌ఐ. మీ కారు టైరులో 30–35 ఉంటుంది. మన దగ్గర 18–20 గ్రాములతో ఆగడం తెలివైన పని, నాలుగున్నర నుంచి ఐదు బార్ చాలా బాగుంటుంది. ఎందుకంటే వేడికి ఒత్తిడి పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 6 బార్ ఉన్న సీసా మన మే నెల 40 డిగ్రీల గదిలో 10 బార్ దాకా పోతుంది. ఒకటి పగిలితే పక్కవీ పగులుతాయి. స్పార్క్లింగ్ కోసమే చేసిన 835–900 గ్రాముల బరువైన సీసాలే వాడాలి, కొత్తవే వాడాలి. బీరు సీసాలు ఈ ఒత్తిడికి చేసినవి కావు. ముఖానికి అద్దం, చేతికి తొడుగు లేకుండా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదు.

రెండో పులిసే దశ ఆగిపోవడానికి ఒకటే పెద్ద కారణం: పొడి ఈస్ట్‌ను నేరుగా 11 శాతం ఆల్కహాల్ ఉన్న చల్లటి వైన్‌లో పడేయడం. అది దిమ్మతిరిగి చచ్చిపోతుంది. మూడు నాలుగు రోజులు కొద్దికొద్దిగా వైన్ కలుపుతూ, చల్లదనానికి అలవాటు చేసి, అప్పుడు కలపాలి. నింపేనాటికి మూల వైన్‌లో స్వేచ్ఛా సల్ఫైట్ 10–15 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆల్కహాల్ 11 దాటకూడదు. మొదటి పులియడానికి తోటలోని సహజ ఈస్ట్‌ను నమ్ముకునే కుటుంబాలు కూడా సీసాలో జరిగే దశకు ఎంపిక చేసిన ఈస్ట్‌నే వాడడం ఎక్కువ. 12 డిగ్రీల దగ్గర ఇది ఆరు నుంచి ఎనిమిది వారాలు సాగుతుంది. నెమ్మదిగా జరిగితేనే బుడగ సన్నగా ఉంటుంది.

తర్వాత ఓపిక. షాంపేన్‌లో మామూలు రకానికి నింపినప్పటి నుంచి కనీసం 15 నెలలు, అందులో 12 నెలలు మడ్డి మీదే. ఒకే ఏడాది పండుతో చేసినదానికి 36 నెలలు. చచ్చిన ఈస్ట్ కరుగుతూ రొట్టె, కాల్చిన గింజల వాసన ఇస్తుంది. ఆ కాలమంతా 12–14 డిగ్రీలు ఏసీ ఆగకుండా ఉండాలి. మన దగ్గర పెట్టుబడిలో బరువైన భాగం ఇదే, తోట కాదు.

సీసాలను వాలుచెక్కల్లో పెట్టి రోజూ కొద్దిగా తిప్పుతూ తలకిందులు చేస్తే ఆరేడు వారాల్లో మడ్డి మూత దగ్గరకు చేరుతుంది. యంత్రంతో వారం. మెడను మైనస్ 25 డిగ్రీల ద్రావణంలో ముంచి, గడ్డకట్టిన మడ్డి ముక్కను ఒత్తిడితోనే ఎగరగొట్టి, ఖాళీని వైన్‌తో, కావాలంటే కొంచెం చక్కెర ద్రావణంతో నింపి బిరడా, వైరు బిగిస్తారు. లీటరుకు 600 గ్రాముల ద్రావణం ఉంటే, 750 మిల్లీలీటర్ల సీసాలో లీటరుకు 6 గ్రాముల తీపి రావడానికి 7.5 మిల్లీలీటర్లు చాలు. లేబుల్ మీద "బ్రూట్ నేచర్" అంటే చక్కెర అసలు వేయనిది, లీటరుకు 3 గ్రాముల లోపు. "ఎక్స్‌ట్రా బ్రూట్" 6 దాకా, "బ్రూట్" 12 లోపు. "ఎక్స్‌ట్రా డ్రై" అన్నది మాత్రం బ్రూట్ కన్నా తియ్యన, 12 నుంచి 17. పులుపు గట్టిగా ఉన్న పండుకు ఏమీ వేయకపోయినా నిలబడుతుందని గొప్పగా చెప్పేవాళ్ళున్నారు, కానీ 3–5 గ్రాములు వేస్తే వాసన తెరుచుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. తెల్ల గాజు సీసాలు ఎంచుకోకండి. ట్యూబ్‌లైట్ వెలుగులో కొద్ది రోజులకే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుంది.

ఒకే పులియడంతో, మధ్యలో సీసాలో నింపేసే పాత పద్ధతి కూడా ఉంది, పెట్-నాట్ అంటారు. ఖర్చు తక్కువ. కానీ నింపే క్షణానికి ఎంత చక్కెర మిగిలిందో కచ్చితంగా తెలియాలి. హైడ్రోమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది, ఆల్కహాల్ తేలిక కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. ల్యాబ్ పరీక్ష లేకుండా ఆ దారి పట్టే వైనరీకి పండు ఇవ్వొద్దు.

మీ తోటలో ఏ రకం ఉందో రాయలేదు. బెంగళూరు బ్లూ అయితే దాని కస్తూరి లాంటి ఘాటు వాసన బుడగతో రెట్టింపవుతుంది, జ్యూస్‌కు మంచిది, దీనికి వద్దు. థాంప్సన్ సీడ్‌లెస్ 17–18 బ్రిక్స్ దగ్గర కోస్తే వాసన పెద్దగా లేని శుభ్రమైన మూల వైన్ ఇస్తుంది, ప్రయోగానికి సరిపోతుంది. కొత్తగా నాటదలిస్తే షెనిన్ బ్లాంక్‌ను 110ఆర్ వేరుమూలం మీద అర ఎకరా. వేడిలో కూడా పులుపు పట్టుకుని ఉండే రకం అది, మన దేశపు స్పార్క్లింగ్ వైన్లలో ఎక్కువగా వాడేదీ అదే. నాటే ముందు పుణె దగ్గర మాంజరిలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వారిని మీ మట్టి, నీటి పరీక్ష చూపించి అడగండి.

రెండెకరాలకు సొంత వైనరీ లైసెన్సు, శీతల గది, ప్రెస్ పెట్టడం నేను సమర్థించను. ఆర్‌సీ నమూనాలో వెళ్ళండి: లైసెన్సున్న వైనరీతో ఒప్పందం. సరిహద్దు దాటితే కోలారు, నంది కొండల వైపు వైనరీలున్నాయి. పండు సరిహద్దు దాటించడానికి ఎక్సైజ్ అనుమతి అక్కర్లేదు, వైన్‌ను దాటించాలంటే కావాలి. ఒప్పందంలో ధర బ్రిక్స్ మీద రాయించుకోకండి. బ్రిక్స్‌కు డబ్బిస్తే రైతు ఆలస్యంగా కోస్తాడు, పులుపు పోతుంది. పీహెచ్ 3.2 లోపు, ఆమ్లం 8 పైన ఉన్న పండుకు ఎక్కువ ధర అని రాయించుకోండి. మీ పండును విడిగా పిండాలని, విడి ట్యాంకులో ఉంచాలని, ఆర్గానిక్ ధృవీకరణ ఆ వైనరీకి కూడా ఉండాలని రాయించండి. వైనరీకి లేకపోతే మీ తోట ధృవీకరణ సీసా మీదికి ఎక్కదు. మన దేశంలో ఆర్గానిక్ అని అమ్మాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా (రైతు బృందాలే ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) ధృవీకరణ ఉండాలి, ఎగుమతి ఆలోచన ఉంటే ఎన్‌పీఓపీయే. "షాంపేన్" అనే పేరు ఎక్కడా వాడకండి, అది మన దేశంలోనూ భౌగోళిక గుర్తింపు కింద నమోదైన పేరు. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం కాబట్టి లేబుల్ మీద కొండ, గోపురం, స్వామి పేరు లాంటివి పెట్టే ఆలోచన ఎవరైనా చెప్పినా ఒప్పుకోకండి.

ఈ ఏడాదికి పని ఇంతే: పిచికారీ పుస్తకం, రెండు కత్తిరింపు తేదీలు, రంగు తిరిగినప్పటి నుంచి ఆమ్లం కొలతలు. రకం పేరు, వేరుమూలం, నీటి ఈసీ విలువ (ఉప్పదనం కొలత), గత సీజన్లో బూజు తెగులు ఏ నెలలో వచ్చిందో రాస్తే రాగి పిచికారీల తేదీలు మీ తోటకు సరిపోయేలా లెక్కేసి చెబుతాను.